ఒక్క పొయ్యి మీద ఆకుకూర, కాయగూర

రూములో వండుకునేవాళ్ళ కూర చాలాసార్లు నీళ్ళ దగ్గరే చెడిపోతుంది. తోటకూరలో గ్లాసెడు నీళ్ళు పోసి ఉడికిస్తారు, పసరు వాసనతో చారులాగా తయారవుతుంది. తడి ఆరకముందే బెండకాయలు తరుగుతారు, గరిటెకి తీగలు తీగలుగా జిగురు సాగుతుంది. చింతపండు కలిపేసి పప్పు కుక్కర్లో పెడతారు, ఆరు విజిళ్ళు వచ్చినా బద్ద బద్దగానే ఉంటుంది. ఆకులోనూ లేత కాయలోనూ నూటికి తొంభై పాళ్ళ దాకా నీరే. ఆ నీటిని ఎప్పుడు బయటికి రప్పించాలి, ఎప్పుడు ఇగరబెట్టాలి, ఏ కూరకి చుక్క నీళ్ళు కూడా పొయ్యకూడదు అన్న లెక్క పట్టుబడితే, రైతుబజారులో ఆ పూట ఏది లేతగా కనిపిస్తే అది తెచ్చుకుని ముప్పావు గంటలో అన్నం, కూర రెండూ దించుకోవచ్చు.

కింద చెప్పే కొలతలు ఇద్దరికి ఒక పూటకి. గ్లాసు అంటే 200 మిల్లీలీటర్లు పట్టే స్టీలు గ్లాసు. చెంచా అంటే టీ చెంచా.

గిన్నెలు

ఒక్కరే అయితే 3 లీటర్ల కుక్కరు సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే 5 లీటర్లది, లోపల ఒకదాని మీద ఒకటి పట్టే రెండు గిన్నెలతో తీసుకోండి. అడుగున గ్లాసున్నర నీళ్ళు, కింది గిన్నెలో పప్పూ ఆకూ, పై గిన్నెలో బియ్యం. ఒక్క పొయ్యి మీద రెండూ ఒకేసారి ఉడికిపోతాయి, తాలింపుకీ వేపుడికీ పొయ్యి ఖాళీగా దొరుకుతుంది.

బాణలి వెడల్పుగా ఉండాలి. ఇరుకు బాణలిలో ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి, తమ ఆవిరికి తామే ఉడికిపోతాయి తప్ప వేగవు. పావు కిలో బెండకాయకి పది అంగుళాల బాణలి కావాలి. ఇనప బాణలి వేపుళ్ళకి బాగుంటుంది. గోంగూర, చుక్కకూర, చింతపండు పులుసు మాత్రం అందులో వండకండి. పులుపు ఇనుముతో కలిసి కూర నల్లబడుతుంది, నాలుక మీద లోహపు రుచి తగులుతుంది. వాటికి మందపాటి స్టీలు గిన్నె వాడండి. ఇండక్షన్ పొయ్యి వాడేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. మామూలు అల్యూమినియం గిన్నె దాని మీద వేడెక్కదు. గిన్నె అడుగుకి అయస్కాంతం అతుక్కుంటే ఆ గిన్నె పనికొస్తుంది. ఇండక్షన్ మీద గిన్నె మధ్యభాగమే ఎక్కువ కాలుతుంది కాబట్టి, గ్యాసు మీదకన్నా కాస్త తరచుగా కలపాలి.

ఏ కాలంలో ఏది

వానలు మొదలయ్యాక గోంగూర, గంగవాయిలకూర, బీరకాయ, పొట్లకాయ, కాకరకాయ బాగుంటాయి. ఆషాఢంలో మునగాకు వండుకోవడం మన ఇళ్ళల్లో ఆనవాయితీ. కార్తీకంలో బచ్చలి, కంద దొరుకుతాయి. రెండూ కలిపి ఆవ పెట్టి వండే కంద బచ్చలి గొప్ప కూరే కానీ, కంద చెక్కు తీయడానికే చేతులు దురదలు పెడతాయి. పరీక్షల వారంలో దాని జోలికి వెళ్ళొద్దు. ధనుర్మాసం నుంచి సంక్రాంతి దాటేదాకా చిక్కుడుకాయ, మెంతికూర, పచ్చి బఠాణీ, క్యాబేజీ. ఏడాది మొత్తంలో కాయగూర రుచిగా ఉండేది ఈ రోజుల్లోనే. ఉగాది దగ్గర పడేసరికి పచ్చి మామిడికాయ, ఆ వెంటే చింతచిగురు వస్తాయి. రోహిణి కార్తె ఎండల్లో ఆకుకూర బజారు నుంచి రూముకి చేరేలోపే వాడిపోతుంది. ఆ పదిహేను రోజులూ దొండ, సొర, దోస మీద నడిపించుకోవడం మంచిది.

తోటకూర, పాలకూర మాత్రం ఏడాది పొడుగునా ఉంటాయి.

కొనేటప్పుడు

విజయవాడలో పటమట రైతుబజారు గానీ, గుంటూరులో ఏ రైతుబజారు గానీ, ముందు ఆ రోజు ధరల బోర్డు చూసి లోపలికి వెళ్ళండి. ఆకుకూర పొద్దున్నే కొనాలి. కట్టల మీద నీళ్ళు చల్లుతూ ఉంటారు కాబట్టి పైన అన్నీ తాజాగానే కనిపిస్తాయి. కట్టని తిరగేసి మధ్యలో, తాడు కట్టినచోట చూడండి. అక్కడ ఆకు నల్లబడి జారుడుగా ఉంటే ఆ కట్ట సాయంత్రానికి కుళ్ళిపోతుంది.

లేతదనం వేళ్ళతోనే తెలుస్తుంది. బెండకాయ కొస విరిస్తే టప్పున విరగాలి, వంగితే ముదురు. సొరకాయ తొక్కలోకి గోరు సులువుగా దిగాలి. బీరకాయ చేతిలో బరువుగా, వంచితే కాస్త లొంగేటట్టు ఉండాలి. దొండకాయ గట్టిగా, మొత్తం ఆకుపచ్చగా ఉండాలి. కొస ఎర్రబారితే లోపల పండి పుల్లగా ఉంటుంది, వేపుడు మెత్తబడిపోతుంది. తోటకూర కాడ గోటితో గిల్లితే తెగాలి. పువ్వు పట్టిన గోంగూర కొనకండి, ఆకు పీచుపీచుగా ఉంటుంది.

గోంగూరలో రెండు రకాలున్నాయి. ఎర్ర కాడది బాగా పులుపు, తెల్ల కాడది తగ్గు పులుపు. పచ్చడికి ఎర్రది, పప్పుకి తెల్లది తీసుకుంటే పులుపుతో తంటా ఉండదు.

కడగడం

ఎక్కువమంది ఆకుని చిల్లుల గిన్నెలో వేసి పైనుంచి నీళ్ళు పోస్తారు. ఇసుక ఒక ఆకు మీంచి ఇంకో ఆకు మీదికి చేరుతుందే గానీ గిన్నె దాటి పోదు. పెద్ద గిన్నె నిండా నీళ్ళు తీసుకుని, ఆకు ముంచి, చేత్తో కదిలించి, రెండు నిమిషాలు వదిలెయ్యండి. మట్టి అడుక్కి దిగుతుంది. అప్పుడు ఆకుని చేత్తో పైకి తీసి వేరే గిన్నెలో వేసుకోవాలి. ఆ నీళ్ళతో సహా వంచితే అడుగునున్న మట్టి మళ్ళీ ఆకు మీదే పడుతుంది. అడుగున ఇసుక కనిపించకుండా పోయేదాకా ఇలాగే చెయ్యాలి, మామూలుగా మూడుసార్లు పడుతుంది. వానాకాలంలో మొదటి విడత నీళ్ళలో రెండు లీటర్లకి మూడు చెంచాల ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచితే ఆకు వెనక దాక్కున్న పురుగులు తేలతాయి.

కడిగాకే తరగాలి. తరిగి కడిగితే తెగిన అంచుల్లోంచి సి విటమిను, ఫోలేటు నీళ్ళలోకి పోతాయి.

ఆకుకూర పప్పు

100 గ్రాముల కందిపప్పు, అంటే గ్లాసులో సగం దాటి కొద్దిగా. కడిగి అరగంట నానబెట్టండి. దానికి గ్లాసున్నర కంటే కాస్త ఎక్కువ నీళ్ళు, పావు చెంచా పసుపు, అర చెంచా నూనె. నూనె వేస్తే నురగ పొంగి విజిల్ రంధ్రంలోకి వెళ్ళదు. నడిమంట మీద నాలుగైదు విజిళ్ళు రానిచ్చి, ఆవిరి దానంతట అది దిగేదాకా మూత తియ్యకండి. ఆ పది నిమిషాల్లోనే పప్పు లోపలిదాకా మెత్తబడుతుంది.

ఇక్కడ అసలు విషయం ఆకు ఎప్పుడు వెయ్యాలన్నదే. తోటకూర, బచ్చలి, మునగాకు లాంటి పులుపు లేని ఆకుని పప్పుతోపాటే కుక్కర్లో వేసెయ్యొచ్చు. గోంగూర, చుక్కకూర, చింతచిగురు, గంగవాయిలకూర, మామిడికాయ ముక్కలు, చింతపండు మాత్రం పప్పు ఉడికాకే. పప్పు గింజ గోడల్ని పట్టి ఉంచే పదార్థం పులుపు తగిలితే గట్టిపడుతుంది, ఎంత ఉడికించినా కరగదు. పప్పు ఉడకలేదని ఇంకో రెండు విజిళ్ళు పెట్టినా పెద్దగా లాభం ఉండదు, ఆకు మాత్రం గుజ్జయిపోతుంది.

పులుపు లేకపోయినా పప్పు ఉడకడం లేదంటే నీళ్ళని అనుమానించండి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉంటే, ఆ కాల్షియం కూడా పప్పుని అలాగే బిగపడుతుంది. బకెట్టు అంచున తెల్లటి పొర కట్టే నీళ్ళయితే పప్పుకి తాగే నీళ్ళ టిన్నులోంచి రెండు గ్లాసులు తీసి వాడండి. వంటసోడా చిటికెడు వేస్తే పప్పు ఉడుకుతుంది గానీ, పప్పులో ఉన్న బి1 విటమిను దానితో నశిస్తుంది. అది మానెయ్యండి.

తోటకూర పప్పుకి రెండు చిన్న కట్టలు, అంటే బాగుచేశాక 200 గ్రాముల ఆకు. కాడల్ని పారెయ్యకండి, లేతవైతే సన్నగా తరిగి ఆకుతోపాటే వెయ్యండి. పచ్చిమిరపకాయలు నాలుగు, చిన్న ఉల్లిపాయ ఒకటి. ఉడికాక నీరు తేలితే వంచి పక్కన పెట్టి, చెంచా ఉప్పు వేసి పప్పుగుత్తితో ఎనిపి, ఆ నీరే మళ్ళీ పోసి పల్చన చేసుకోండి. నీటితో కలిపి ఎనిపితే బద్దలు గుత్తికి దొరక్కుండా జారిపోతాయి. ఆ తర్వాత ఉసిరికాయంత చింతపండు నానబెట్టి పిండిన రసం పోసి, మూత లేకుండా ఐదు నిమిషాలు ఉడకనివ్వండి. చింతపండు పచ్చివాసన ఆ ఐదు నిమిషాల్లో పోతుంది.

గోంగూర పప్పయితే 100 గ్రాముల ఆకు చాలు, చింతపండు అక్కర్లేదు. స్టీలు గిన్నెలో చెంచా నూనెలో ఆకు వేసి మూడు నాలుగు నిమిషాలు మగ్గించి, ఎనిపిన పప్పులో కలపండి. రంగు మారిందని కంగారు పడొద్దు. ఆకులోని పత్రహరితంలో మెగ్నీషియం ఉంటుంది, వేడికి పులుపు తోడైతే అది ఊడిపోయి పచ్చదనం కాకీ రంగుకి తిరుగుతుంది. గోంగూర తన పులుపుతో తనే రంగు మార్చుకుంటుంది, ఎవరూ ఆపలేరు. పాలకూర విషయంలో ఆపొచ్చు. మూత పెట్టకుండా, నాలుగు నిమిషాలకి మించకుండా వండితే పచ్చగానే ఉంటుంది. మూత పెడితే ఆకులోంచి ఆవిరితో వచ్చే పులుపు మళ్ళీ గిన్నెలోకే దిగుతుంది. అందుకే పాలకూరని కుక్కర్లో పెట్టకుండా, ఉడికిన పప్పులో చివర్న కలిపితే చాలు.

చింతచిగురు 50 గ్రాములే 100 గ్రాముల పప్పుకి సరిపోతుంది. ఖరీదైన ఆకు కాబట్టి ఈ కొలత గుర్తుంచుకోండి. రెండు అరచేతుల మధ్య వేసి నలిపితే పుల్లలు వేరవుతాయి, వాటిని ఏరెయ్యాలి. పుల్ల మిగిలితే పంటికింద తగులుతూనే ఉంటుంది.

తాలింపుకి రెండు చెంచాల నూనె. ముందు అర చెంచా ఆవాలు. అవి చిటపటలాడి ఆగబోతుండగా అర చెంచా మినప్పప్పు. పప్పు లేత ఎరుపుకి తిరగ్గానే చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు. ఆ తర్వాత పావు చెంచా జీలకర్ర, చివర్న కరివేపాకు, కావాలంటే ఇంగువ. ఈ వరస దేనికి ఎంత వేడి కావాలన్నదాన్ని బట్టి వచ్చింది. జీలకర్ర ముందు వేస్తే ఆవాలు పేలేలోపే మాడిపోతుంది. ఆవాలు పూర్తిగా పేలకపోతే చేదుగా నోటికి తగులుతాయి. కరివేపాకు తడిగా ఉంటే నూనె ముఖం మీదికి చిందుతుంది, తుడిచి వెయ్యండి.

గోంగూర పచ్చడి

ఇది నాలుగు రోజులు తినే పచ్చడి. ఏడాదికి పెట్టుకునే నిల్వ పచ్చడి పద్ధతి వేరు.

ఒలిచిన ఆకు 200 గ్రాములు. కడిగి, పాత పంచె మీదో తువ్వాలు మీదో ఫ్యాను కింద పరిచి, తడి మొత్తం పోయేదాకా ఆరబెట్టండి. రాత్రి పరిస్తే పొద్దున్నకి సిద్ధంగా ఉంటుంది. గుంటూరు సన్నం రకం ఎండుమిరపకాయలైతే పన్నెండు, తేజ అయితే ఎనిమిదికి మించొద్దు. తేజ కారం సన్నం కంటే చాలా ఎక్కువ, కొట్టువాణ్ణి అడిగి తెలుసుకుని కొనండి.

ఒక పెద్ద చెంచా నూనెలో ముందు పావు చెంచా మెంతులు. అవి ఎర్రబడ్డాక రెండు చెంచాల ధనియాలు, అర చెంచా జీలకర్ర, మిరపకాయలు. మిరపకాయ ఉబ్బి, రంగు కొద్దిగా ముదరగానే తీసెయ్యాలి. మెంతులు కొలత దాటినా, నల్లబడినా పచ్చడంతా చేదెక్కుతుంది. పచ్చడి చేదుగా ఉందంటే నూటికి తొంభైసార్లు కారణం మెంతులే.

అదే గిన్నెలో ఇంకో రెండు పెద్ద చెంచాల నూనె పోసి ఆకు వెయ్యండి. మూత వద్దు. నడిమంట మీద రెండు మూడు నిమిషాల్లో కాకీ రంగుకొచ్చి ముద్దవుతుంది. అక్కడితో అయిపోయిందనుకుని దించేస్తారు చాలామంది. లోపల ఇంకా నీరుంటుంది, ఆ పచ్చడి మర్నాటికే వాసన మారుతుంది. కలుపుతూ ఇంకో ఆరేడు నిమిషాలు ఉంచండి. ముద్ద గిన్నెని వదిలి, అంచున నూనె తేలడం కనిపించినప్పుడు దించాలి.

రెండూ పూర్తిగా చల్లారాకే మిక్సీ. వేడిది మూసిన జారులో తిప్పితే ఆవిరి మూతని ఎగరగొడుతుంది. ముందు మిరపకాయల మిశ్రమం, చెంచాన్నర ఉప్పు, ఆరు వెల్లుల్లి రెబ్బలు కలిపి బరకగా తిప్పి, తర్వాత గోంగూర వేసి రెండు తిప్పులు తిప్పి ఆపెయ్యండి. ఎక్కువ తిప్పితే జిగటగా, పేస్టులా అవుతుంది. నీళ్ళు చుక్క కూడా పొయ్యకూడదు, జారు తిరక్కపోతే చెంచా నూనె పొయ్యండి.

ఉల్లిపాయ ముక్కలు పచ్చడి సీసాలో కలపొద్దు. కంచంలో వడ్డించుకున్నాక పక్కన పచ్చి ఉల్లిపాయ వేసుకోండి. ఉల్లి తడి పచ్చడిలోకి దిగితే ఒక్క రోజులో పులిసిపోతుంది. ఉల్లి కలపకుండా, తడి చెంచా పెట్టకుండా ఉంటే ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఢోకా లేదు. ఫ్రిజ్ లేకపోతే వేసవిలో ఒక్క రోజుకి సరిపడా చేసుకోండి.

వేపుళ్ళు, ఒక డబ్బా కారం

నాలుగు రకాల వేపుళ్ళకి పనికొచ్చే పుట్నాల కారం ఒకసారి చేసి పెట్టుకుంటే రెండు వారాలు వస్తుంది. పుట్నాల పప్పు 100 గ్రాములు, పొడి బాణలిలో వెచ్చబెట్టిన ఎండుమిరపకాయలు పది, జీలకర్ర చెంచా, పొట్టు తీయని వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, ఉప్పు చెంచాన్నర. వెల్లుల్లి తప్ప అన్నీ ముందు పొడి చేసి, చివర్న వెల్లుల్లి వేసి ఒక్కసారి తిప్పండి. పుట్నాల పొడి ముక్కల మీద మిగిలిన తడిని పీల్చేసుకుంటుంది, వేపుడు పొడిపొడిగా వస్తుంది. అందుకే పొయ్యి ఆపాక చల్లాలి, మంట మీద చల్లితే అడుగంటి మాడుతుంది.

బెండకాయలు పావు కిలో. కాయలుగా ఉండగానే కడిగి, గుడ్డతో తుడిచి, పావుగంట ఆరనివ్వండి. కత్తి, చెక్క కూడా పొడిగా ఉండాలి. అర అంగుళం ముక్కలు. మరీ సన్నగా తరిగితే తెగిన ముఖాలు ఎక్కువై జిగురు ఎక్కువ వస్తుంది. రెండు పెద్ద చెంచాల నూనె బాగా కాగాక ముక్కలు వేసి, మూత లేకుండా, పెద్ద మంట మీద ఐదు నిమిషాలు, తర్వాత నడిమంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. అస్తమానం కలిపితే ముక్కలు నలిగి జిగురు ఊరుతుంది. రెండు నిమిషాలకోసారి అట్లకాడతో కిందనుంచి పైకి తిప్పితే చాలు. జిగురు తీగలు పూర్తిగా పోయాకే ఉప్పు. ఉప్పు ముందే పడితే ముక్కలోని నీరంతా బయటికి లాగుతుంది, జిగురు ఆ నీటిలో కరిగి సాగుతుంది. అప్పటికే సాగిపోతుంటే చెంచా పుల్ల పెరుగు గానీ అరచెక్క నిమ్మరసం గానీ వేసి మంట పెంచండి, పులుపు జిగురుని విరుస్తుంది.

దొండకాయకి సరిగ్గా దీనికి తిరగేసి చెయ్యాలి. దొండకాయ గట్టి కాయ, తన నీటితో తను ఉడికితేనే లోపల మెత్తబడుతుంది. పావు కిలో దొండకాయల్ని నిలువునా నాలుగు చీలికలు చేసి, నూనెలో వెయ్యగానే ముప్పావు చెంచా ఉప్పు, పసుపు వేసి, మూత పెట్టి సన్నమంట మీద ఎనిమిది నిమిషాలు మగ్గనివ్వండి. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది, మూత దాన్ని ఆవిరిగా పట్టి ఉంచుతుంది. ముక్క గోటికి లొంగాక మూత తీసి పది నిమిషాలు వేయించి, పుట్నాల కారం రెండు చెంచాలు చల్లండి. మూత పెట్టకుండా మొదటినుంచీ వేయిస్తే పైన మాడి లోపల కరకరలాడుతూ పచ్చిగా ఉంటుంది. దొండకాయ వేపుడు మీద ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు ఇదే.

కాకరకాయకి చక్రాలు తరిగి, చెంచా ఉప్పు, పసుపు పట్టించి ఇరవై నిమిషాలుంచి గట్టిగా పిండితే చేదు సగం పోతుంది. మిగతాది దొండకాయ లాగే, కాకపోతే ఉప్పు మళ్ళీ వేసేముందు రుచి చూడాలి.

తోటకూర వేపుడుకి కాడలు ముందు మూడు నిమిషాలు, తర్వాత ఆకు. మొదట బాణలి నిండిపోతుంది, నాలుగు నిమిషాల్లో గుప్పెడవుతుంది. నిండుగా ఉన్నప్పుడు చూసి ఉప్పు వేస్తే తినలేనంత ఉప్పన. ఆకు అణిగాక, అర చెంచాతో మొదలుపెట్టండి.

బీరకాయ, సొరకాయ

తరగడానికి ముందు ప్రతి కాయ కొసా చిన్న ముక్క కోసి నోట్లో పెట్టుకుని చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారెయ్యాలి. కొంచెం చేదే కదా అని వండుకోకూడదు. ఆ చేదు వాంతులు, విరేచనాలు తెప్పించే పదార్థం, ఉడికించినా పోదు. సొరకాయ విషయంలో ఇది మరీ ముఖ్యం. రుచి చూసిన ముక్క చేదైతే ఉమ్మేసి నోరు పుక్కిలించండి.

బీరకాయ అరకిలో తెచ్చుకోవాలి, వండాక మూడో వంతు కూడా మిగలదు. తాలింపు వేసి, ఉల్లిపాయ, చీల్చిన మూడు పచ్చిమిరపకాయలు కొద్దిగా మగ్గాక, ముక్కలు, పసుపు వేసి మూత పెట్టండి. నీళ్ళు పొయ్యనే వద్దు. ఐదు నిమిషాల తర్వాత మూత తీస్తే ముక్కలు సగం మునిగేంత నీరు కనిపిస్తుంది. అప్పుడు ఉప్పు అర చెంచా వేసి, మూత లేకుండా మంట పెంచి ఆరేడు నిమిషాలు ఇగరబెట్టండి. ఆ నీరు పారబొయ్యకండి, రుచంతా అందులోనే ఉంటుంది. నీరు కొద్దిగా మిగిలి ఉండగా మంట తగ్గించి, కాచి చల్లార్చిన పాలు పావు గ్లాసు పోసి రెండు నిమిషాలుంచితే పాలు పోసిన కూర. ఇందులో టమాటా వెయ్యొద్దు, పాలు విరుగుతాయి. సొరకాయకీ ఇదే దారి, కాకపోతే మూత పెట్టి మగ్గించడం పది నిమిషాలు పడుతుంది.

బీరకాయ తొక్కు పారెయ్యడం అన్యాయం. గ్లాసెడు తొక్కు, ఐదు పచ్చిమిరపకాయలు రెండు చెంచాల నూనెలో పసరు వాసన పోయేదాకా, అంటే ఆరేడు నిమిషాలు వేయించి, చిన్న చింతపండు రెబ్బ, జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పుతో బరకగా తిప్పితే రెండో పూటకి పచ్చడి అయిపోతుంది. కొనేటప్పుడు నున్నగా లేతగా ఉన్న కాయే తీసుకుంటే తొక్కు పీచు తగలదు.

చిక్కుడుకాయకి రెండు కొసలూ తుంచి నార లాగి, ప్రతి కాయా విప్పి పురుగు చూసుకోవాలి. అక్కడే సమయం పడుతుంది. పావు కిలోకి పావు గ్లాసు నీళ్ళు, ఉప్పు వేసి మూత పెట్టి పది నిమిషాలు ఉడికించి, నీరు ఇగిరాక తాలింపులో కలిపి, వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు చల్లండి. గోరుచిక్కుడుకి నీళ్ళు అర గ్లాసు, సమయం పావుగంట. బయటి నీళ్ళు అవసరమయ్యే కూరలు ఈ రెండే.

మెంతికూర కాడలు చేదు, ఆకు మాత్రమే గిల్లుకోండి. పప్పులో వేసేముందు నూనెలో రెండు నిమిషాలు వేయిస్తే చేదు తగ్గి సువాసన మిగులుతుంది.

దాచడం, బాక్సు కట్టుకోవడం

ఫ్రిజ్ లేని రూములో తోటకూర, గోంగూర కట్టల వేళ్ళు రెండంగుళాలు మునిగేలా చెంబులో నిలబెట్టి, పైన తడి గుడ్డ వదులుగా కప్పితే మర్నాటి దాకా నిలబడతాయి. ఫ్రిజ్ ఉంటే కడగకుండా, కాగితంలో చుట్టి, సంచిలో పెట్టండి. కడిగి పెడితే తడికి కుళ్ళుతుంది. కొత్తిమీర వేళ్ళు కోసి, డబ్బా అడుగున పొడి కాగితం వేసి పెడితే వారం వస్తుంది.

బెజవాడలో మే నెలలో ఎండ తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో పొద్దున వండిన పప్పు మధ్యాహ్నం బాక్సుకి పనికిరాదు, గంటా రెండు గంటల్లో తినెయ్యాలి. తడి, పిండిపదార్థం, వేడి మూడూ కలిసిన పప్పు అన్నిటికంటే త్వరగా పులుస్తుంది. బాక్సులోకి నీరు పూర్తిగా ఇగిరిన దొండకాయ, బెండకాయ వేపుళ్ళు పెట్టుకోండి. పొయ్యి మీంచి తీసినది తీసినట్టు మూత బిగిస్తే ఆవిరి మూతకి పట్టి మళ్ళీ కూర మీదే కారుతుంది. వెడల్పాటి కంచంలో పది నిమిషాలు పరిచి, పొగలు పోయాక సర్దండి. అన్నం, కూర వేర్వేరు గిన్నెల్లో ఉండాలి.

ఆకుకూరలో ఇనుము ఉంటుంది గానీ, ఒంటికి పట్టడం తక్కువ. సి విటమిను తోడుంటే బాగా పడుతుంది. కాబట్టి కంచంలో వడ్డించుకున్నాక పప్పు మీద నిమ్మచెక్క పిండుకోండి. పొయ్యి మీద పిండితే ఆ విటమిను వేడికి కొంత పోతుంది, పప్పు చేదెక్కుతుంది కూడా. భోజనం కాగానే టీ తాగే అలవాటుంటే దాన్ని గంట వెనక్కి జరపండి. టీలోని వగరు ఇనుముని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. హాస్టళ్ళలో, రూముల్లో ఉండే ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి వాళ్ళు ఈ రెండూ తప్పకుండా పాటించాలి.